మా అన్న మర్చిపోయాడన్న లాకు

ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ పడుతున్న నన్ను తీసుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. జగదల్‌పూర్ శివార్లలోని మా యార్డులో, రేకుల షెడ్డు కింద, పద్దెనిమిది మంది కంటైనర్ డ్రైవర్లకు భద్రత మీద ట్రైనింగ్. చెప్పేది దుర్గాభవాని, బచేలి టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నా పెద్ద కూతురికంటే చిన్నది. రాకపోతే గేట్ పాస్ ఇచ్చేది లేదన్నారు కాబట్టి వెళ్లాను. వినాలని మాత్రం వెళ్లలేదు.

మా పని చింతపండు. అడవిలో ఏరిన చింతపండు మండీలో అమ్ముడై, కంటైనర్లకెక్కి, కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు దిగి రాయపూర్ వెళుతుంది. కంటైనర్‌ను మేం డబ్బా అంటాం. డబ్బా నాలుగు మూలల కిందా దాన్ని ట్రాలీకి పట్టి ఉంచే ఇనుప లాకులుంటాయి. నాలుగూ వేసి నడపాలని రూలు. ఘాట్‌కు ముందే నాలుగూ తీసెయ్యాలని మా రివాజు. మలుపులో డబ్బా ఒరిగితే అదొక్కటే పడుతుంది, బండీ బండిలోని మనిషీ మిగులుతారు. ఈ రివాజును ఈ యార్డులో అందరికీ నేర్పింది నేనే. ఒకడి ప్రాణం నిలబెడుతున్నానన్న గర్వంతో నేర్పాను.

అంత పట్టుదలగా ఎందుకు నేర్పానో కూడా అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల క్రితం మా అన్న రామనర్సయ్య ఆ ఘాట్‌లోనే డబ్బాతో పాటు పడి చనిపోయాడు. మూడు లాకులు తీసి ఉన్నాయి. నాలుగోది తియ్యడం మర్చిపోయాడని, అదే బండిని కూడా లాక్కుపోయిందని అందరూ అన్నారు. అన్న కొడుకు ప్రవీణ్‌కుమార్‌కు నేనే బండి నేర్పి ఈ పనిలో పెట్టాను. వాడు నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఘాట్ దిగాల్సిన లోడు వాడిదే.

దుర్గాభవాని చిన్న చక్రాలున్న చెక్క పలక ఒకటి తెచ్చి నేల మీద పెట్టింది. దాని మీద ఇసుక నింపిన రేకు పెట్టె. నాలుగు మూలల్లో నాలుగు మరలు. సుద్దతో ఒక మలుపు గీసి, మరలేవీ బిగించకుండా పలకను తాడుతో లాగింది. మలుపులో పెట్టె దబ్బున పడింది, పలక నిలబడింది. వెనక కుర్చీల్లోంచి చప్పట్లు మోగాయి.

"ఏం మేడం, నువ్వే సూపెట్టినవ్ గదా! బండి బతికింది," అన్నాను.

"బండి బతికిందండీ. పక్కన బైకు మీద వెళ్లేవాడో?"

"వాడు మా పక్కకు ఎందుకొస్తడు? వాని ఖర్మ."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"ఒక్క మర బిగించి లాగు మేడం. అప్పుడేమైతదో ఈళ్లంత సూడాలె," అన్నాను.

బిగించి లాగింది. పెట్టె లేచి, ఆ ఒక్క మూలనే పట్టుకుని ఒరిగి, పలకను కూడా తిరగేసింది.  గొంతు పెంచాను. "సూసిండ్రా? ఆ ఒక్క లాకే మా అన్నను మింగింది!"

ఆమె నాలుగు మరలూ బిగించింది. అదే మలుపు, అదే జోరు. పలక ఊగింది గానీ పడలేదు. "మీరు లాగండి భూషణం గారూ," అంటూ తాడు నా చేతికిచ్చింది.

లాగాను. పడలేదు. మళ్లీ లాగాను, పడలేదు. మూడోసారి కసికొద్దీ గుంజితే పడింది.

"అంత జోరుకు ఏదీ నిలబడదండీ. ఘాట్‌లో మీరెవరూ అంత జోరుగా దిగరు కదా," అంది.

దిగం. మా అన్న అసలు దిగేవాడే కాదు. ఆ రోజు వెనక బండిలో ఉన్నది నేనే, ఆయన బండి జోరు గంటకు ఇరవై కిలోమీటర్లు దాటలేదు.

తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అన్న ఎప్పుడూ నాలుగు లాకులూ వేసి నడిపేవాడు. నేనెంత చెప్పినా వినేవాడు కాదు. ఆ పొద్దున ఆయన చాయ్ తాగుతుంటే, చెప్పకుండా వెళ్లి లాకులు తీసింది నేను. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి కదల్లేదు, సుత్తి వెతకడానికి బద్ధకించాను. ఆ కొట్టని నాలుగో లాకు తొమ్మిదేళ్లుగా నన్ను లోలోపల తినేస్తోంది. ఇప్పుడు చూస్తే తప్పు దానిది కాదు. అన్నను కాపాడుతున్నాననుకుని నా చేతులతో తీసిన ఆ మూడు లాకులది. ఏడుపొచ్చింది. కుర్చీలో కూర్చుని తల వంచుకున్నాను.

ట్రైనింగ్ ముగిసింది, అందరం కాగితం మీద సంతకాలు పెట్టాం. బయటికొచ్చేసరికి ప్రవీణ్ తన ట్రాలీ చుట్టూ తిరుగుతూ లాకులు తీస్తున్నాడు.

"ఏందిరా అది? ఇప్పుడే గదా సూసినవ్!"

"సంతకం వేరే, ఘాట్ వేరే అని నువ్వే అంటవ్ గదా కాకా. బొమ్మబండి సూసి భయపడ్డవా?" నవ్వాడు వాడు. "బాపు మర్సిపోయిండు. నేను మర్సిపోను."

గద్దించి లాకులు వేయించగలను. కానీ ఘాట్ ముందు ఏ ధాబా దగ్గరో దిగి మళ్లీ తీస్తాడు. వాడంత మొండి. నా పెంపకం మరి. వాడి చేత లాకులు వేయించే మాట ఒక్కటే ఉంది. వాడి ట్రాలీకి అడ్డంగా నిలబడి అది చెప్పాను.

"మీ బాపు మర్సిపోలేదురా. ఆయన నాలుగూ ఏసే ఉంచిండు. మూడు తీసింది నేను. ఆయనకు చెప్పకుంట తీసిన. ఆ మూడు తియ్యకపోతే డబ్బా లేసేది గాదు."

ప్రవీణ్ నవ్వు ఆగిపోయింది.  కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అమ్మకు ఎర్కేనా?" అన్నాడు.

"ఎవ్వలకూ ఎర్కలేదు."

"తొమ్మిదేండ్ల సంది అమ్మ బాపునే తిడ్తున్నది. మతిలేని మనిషి, ఒక్క లాకు మర్సి మమ్ముల ఆగం జేసిండని. నువ్వు పక్కన కూసోని ఇన్నవ్."

"ఇన్న," అన్నాను.

వాడు వెనక్కి తిరిగి ఒక్కొక్క లాకూ వేశాడు. వేసిన ప్రతిదాన్నీ రెండు చేతులతో ఊపి చూశాడు. నాలుగూ అయ్యాక క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు: "నేనొచ్చేదాంక ఆగకు. ఇయ్యాల్నే మద్దేడు పోయి అమ్మకు చెప్పు."

బండి గేటు దాటింది. షెడ్డులో మిగతా పదహారు మంది అన్నాలు తింటున్నారు. వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడి, రామనర్సయ్య ఏ లాకూ మర్చిపోలేదని, ఆయన లాకులు తీసింది నేనేనని అందరికీ వినపడేలా చెప్పాను. తర్వాత వదినకు చెప్పడానికి మద్దేడు బస్సెక్కాను.