బ్యాంకులో పొంగిన పాలు

ఈ సంగతుల్లో ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో. ఇళ్ళకు అడ్వాన్సుగా ఇచ్చిన రెండు బయానాలు పోయాక ఇంటి ఓనరు వెంకటేశం ఖాళీ చేయమన్నాడా, అంతకు ముందేనా, సరిగ్గా గుర్తులేదు. పుష్పమ్మ కోపం మాత్రం మొదటి నుంచీ ఉంది.

ఆమె పటాన్‌చెరులో మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పని చేసేది. తెల్లారగానే పాలకేంద్రానికి పోయి గిన్నె నింపుకొచ్చేది. దారిలో ఎవరిమీదైనా కోపం వస్తే ఇల్లు చేరేసరికి పాలు కాగి ఉండేవి. స్టవ్ అక్కర్లేదు, చేతులే చాలు. గ్యాస్ అయిపోయినవాళ్ళు గిన్నె పట్టుకొచ్చి, "వదినా, జెర మా అన్నను యాది చేసుకో. పిల్లకు పాలు కాగాలె" అనేవాళ్ళు.

ఆ అన్న ఓదెలు, పుష్పమ్మ మొగుడు. లేత్ మిషన్ మీద పని. మెత్తని మనిషి. ఇల్లు నచ్చితే చాలు, మంచిరోజు చూసి బయానా చేతిలో పెట్టి వచ్చేవాడు. లోన్ ఆ తర్వాత అడిగేవాడు. బ్యాంకు మేనేజరు చలపతిరావు తిప్పి తిప్పి, చివరికి "మీ జీతానికి అంత రాదు" అనేవాడు. అమీన్‌పూర్‌లో ఒక బయానా, రుద్రారంలో ఒకటి అట్లాగే మునిగాయి.

"మంచిరోజు దాటిపోతదని ఇచ్చిన" అన్నాడు ఓదెలు రెండోసారి.

"ఎవలికి మంచిరోజు? బయానా మింగినోనికా?" పుష్పమ్మ చేతిలో మజ్జిగ విరిగిపోయింది.

వాళ్ళుండేది వెంకటేశం ఇంట్లో కిరాయి గది. చేరిన రోజు పాలు కాస్తుంటే ఆయన పక్కనే నిలబడి, అంచుదాకా రాగానే స్టవ్ ఆర్పేశాడు. పాలు పొంగితే కాపురం పాతుకున్నట్టే, ఇక కదిలించడం ఎవరివల్లా కాదని ఆయనకు తెలుసు. ఇప్పుడు కొడుకు పెళ్ళంటూ నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

మర్నాడు పుష్పమ్మ పాలకేంద్రం నుంచి ఇంటికి రాలేదు. ఓదెలును బ్యాంకుకే రమ్మని కబురు పెట్టి, గిన్నెతోనే పోయి, తలుపు తీసేదాకా అక్కడి మెట్లమీద కూర్చుంది.

"సారూ, మాకెంత లోన్ వస్తదో ముందుగాల కాయితం మీద రాసియ్యి. గంతల్నే ఇల్లు దేవులాడుకుంటం."

చలపతిరావు నవ్వాడు. "ఇల్లే లేకుండా లోనేంటమ్మా? పెళ్ళికూతుర్ని చూడకుండా భోజనాలు వండుతారా ఎక్కడైనా?"

"రెండుసార్లు చూసొచ్చినం. రెండుసార్లు విస్తరాకు ముందర నుంచి లేపితివి. మా ఆయన జీతం సాలదంటివి గద, నాది గూడ కలుపు."

"ఆడవాళ్ళ జీతం లెక్కలోకి రాదమ్మా. ఇవాళ చేస్తారు, రేపు మానేస్తారు. మీరు బయట కూర్చోండి, ఆయనతో మాట్లాడతాను."

పుష్పమ్మ బయటికి పోలేదు. గిన్నెను బల్లమీద పెట్టి రెండు చేతులూ చుట్టూ వేసింది. పాలు కదిలాయి. మీగడ కట్టి అంచుకు లేచాయి.

"పుష్పా, చేతులు తియ్యే!" అన్నాడు ఓదెలు.

తీయలేదు. పాలు పొంగి, తూర్పు వైపుకే పారి, మేనేజరు ప్యాంటు మీద పడ్డాయి.

క్యాషియరు లేచి చెప్పులు విప్పేసింది. క్యూలో ఉన్న ముసలామె "ఇల్లు సల్లగుండాలె బిడ్డా" అని దీవించింది. గేటు దగ్గరి మొగులయ్య లోపలికొచ్చి, "కుర్సీలు గీడనే ఉంచాల్నా అమ్మా, జరపాల్నా?" అని పుష్పమ్మను అడిగాడు.

"నన్నడగవేం?" అన్నాడు చలపతిరావు.

"పాలు పొంగినయి గద సార్."

పుష్పమ్మ అంతా కలయజూసింది. "పొయ్యి గీ మూలకు పెడ్త. బట్టలు ఆ కౌంటరు మీద ఆరేస్త. నువ్వు గావాలంటే కిరాయికుండు సారూ. నెలాఖరుకు ఖాళీ చెయ్యమంటే మాత్రం చెయ్యాలె."

మధ్యాహ్నానికి కాయితం టైపయింది, ఇద్దరి జీతాలూ కలిపి. "ఇంకో ఇంట్లో పాలు పొంగిస్తే ఇది ఖాళీ చేసినట్టేనా అమ్మా?" అని మెల్లగా అడిగాడు చలపతిరావు.

"సూద్దాం" అంది.

ఆ కాయితంలో ఉన్నంతకే బీరంగూడలో రెండు గదుల ఇల్లు దొరికింది. అక్కడా చేతులతోనే పొంగించింది. కోపం ఇంకా అంత మిగిలి ఉంది. బ్యాంకు తాళంచెవి ఒకటి చాన్నాళ్ళు ఆమె కొంగుకే వేలాడింది.

పద్మావతీ, ఈ పెద్దమ్మ మతిని నమ్మకుండా నువ్వొకసారి చదివి పేర్లు చూడు. గేటు దగ్గరి మనిషి మొగులయ్యేనా, నర్సింహనా? మేనేజరు చలపతిరావేనా, రాజారావా? మీ అమ్మ పుష్పమ్మ పేరు చూడక్కర్లేదు. ఆ కాయితం మీద మొదటి పేరు అదే.