గీటురాయిగారి చప్పట్లు

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ తన రెండు అరచేతుల్నీ తొడల కింద అదిమిపెట్టి కూర్చున్నాడు. ఆ చేతులు బయట ఉంటే ప్రమాదం.

కిందటి కచేరీలో మొదటి భాగం ఆగగానే ఆనందం పట్టలేక లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. నిండు హాల్లో ఒక్కడే. వేదిక మీద వయొలిన్ పట్టుకున్న కూతురు తల దించేసుకుంది. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఈసారి టికెట్ ఇవ్వడానికి సవాలక్ష షరతులు పెట్టింది.

"వాయించేది ఒక్కటే గానీ నాలుగు భాగాలుంటాయి నాన్నా. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది. రానీ. నాలుగోది అయ్యాకే చప్పట్లు."

"లెక్క తప్పితే?"

"అందుకే నీకు గీటురాయిగారి పక్క సీటు ఇప్పించాను. ఆయన కొడితేనే హాలు కొడుతుంది. నువ్వూ ఆయన్ని చూసి కొట్టు. ఈసారి గానీ పరువు తీశావో, ఇక నా కచేరీ గడప తొక్కనివ్వను."

గీటురాయిగారంటే ఆ కలం పేరుతో నలభై ఏళ్లుగా పత్రికలో సంగీత సమీక్షలు రాస్తున్న పెద్దాయన.

మొదటి భాగం అయింది. హాలంతా ఓసారి దగ్గి ఊరుకుంది. మెకానిక్ తొడ కిందే ఒక వేలు మడిచాడు. రెండోది అయింది. ఇంకో వేలు.

మూడో భాగంలో కూతురు ఒక్కతే లేచి నిలబడింది. నెల రోజులుగా గది తలుపేసుకుని ఆ ముక్కనే వాయిస్తుంటే, "వేరేది రాదా తల్లీ" అని విసుక్కున్నాడు. ఇప్పుడదే గుండెను పట్టి పిండేసింది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు బయటికి తీశాడు. మడిచిన వేళ్లు విడిపోయాయి. లెక్క గాలికి పోయింది.

సంగీతం ఆగింది. బృందాన్ని నడిపించే మాస్టారు చేతులు దించారు. ఈసారి ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. పిల్ల పాలిపోయిన మొహంతో అలాగే నిలబడి ఉంది.

అయిపోయినట్టే ఉంది. మరి ఎవరూ కొట్టరేం?

పక్కకు చూశాడు. గీటురాయిగారు గుండెల మీద గడ్డం ఆనించి హాయిగా నిద్రపోతున్నారు.

సంగతి బోధపడింది. హాలు హాలంతా ఈయన కోసమే కాచుకుని కూర్చుంది.

"అయ్యా," అని గొణిగాడు. గురక బదులిచ్చింది.

తాను మొదలుపెడితే కొంప మునుగుతుంది. ఆయనే కొట్టాలి. మెకానిక్ పెద్దాయన మణికట్లు రెండూ సుతారంగా పట్టుకుని టప్, టప్, టప్‌మని కొట్టించాడు.

హాలు దద్దరిల్లింది. జనం లేచి నిలబడ్డారు. వాద్యబృందం మాత్రం తెల్లమొహాలు వేసింది. నాలుగో భాగం కాగితాలు వాళ్ల ముందే ఉన్నాయి.

గీటురాయిగారు ఉలిక్కిపడి లేచి తన చేతులవంక చూసుకున్నారు. నలభై ఏళ్ల పేరు. క్షణంలో తేరుకున్నారు.

"బాగున్నప్పుడు కొట్టాలయ్యా. భాగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారా," అని వెనక వరసను గదమాయించి, ఇంకా గట్టిగా కొట్టారు.

కచేరీ ముగిశాక వరండాలో కూతురు ఎదురైంది.

"నేను కొట్టలేదమ్మా, ఒట్టు. ఆయనే."

"నేను ఎటు తిరిగి వాయించాను నాన్నా?"

"మా వైపే."

"మరి నాకేం కనబడి ఉంటుంది?"

మెకానిక్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"మూడో భాగానికి చప్పట్లు పడటం ఈ హాల్లో ఇదే మొదటిసారట. మాస్టారు చెప్పారు." పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు.

"అయితే వచ్చే నెల టికెట్..."

"ఇస్తాను. బాల్కనీలో, చివరి వరస. నీకు అటూ ఇటూ ఖాళీ సీట్లు."