గంప దించేదాకా

కళ్లలో చుక్కలు వేసి మూడు నిమిషాలు కాలేదు, కొండలమ్మ కుడిచెయ్యి కొంగందుకుని కన్ను తుడిచేసింది. స్కాన్ తెరమీద మెరవాల్సిన రేడియోధార్మిక మందు కాస్తా చీరకి అంటింది. ఝాన్సీలక్ష్మి మూడేళ్లు చదివిన స్కానింగ్ పాఠాల్లో కొంగు గురించి ఒక్క ముక్క లేదు.

కొండలమ్మది నక్కపల్లి వైపు సముద్రతీరం. నర్సీపట్నం వీధుల్లో చేపలమ్ముతుంది. నాలుగేళ్లుగా ఆ కుడికన్ను కారుతూనే ఉంది. ఏదో రోగమని జనం తలుపులేసుకుంటున్నారట. కన్నీరు ముక్కులోకి దిగే దారిలో ఎక్కడ ఆగుతోందో స్కాన్‌లో తేలితేనే ఆపరేషన్. ఈ వైజాగ్ ఆస్పత్రిలో ఉచిత ఆపరేషన్లకి పేర్లు రాసుకోవడం ఈ సాయంత్రంతో సరి, మళ్లీ వచ్చే ఏడాదే. మందు ఇంకొక్క డోసే ఉంది, గంటగంటకీ దాని బలం చచ్చిపోతోంది. అది వేశాక ఇరవై నిమిషాలు కదలకూడదు, తుడవకూడదు.

కళ్లు కడిగి, చీర మార్పించి, మళ్లీ మందు వేసేముందు ఝాన్సీ ఆమె చేతులు కుర్చీకి కట్టి చూసింది. కొండలమ్మ కన్ను భుజానికేసి రుద్దుకుంది. ఝాన్సీ బతిమాలింది, కసిరింది. లాభం లేదు.

"నానేటి సెయ్యను పాపా, నా సెయ్యి నా మాట ఇనదు. ఈ కన్నిలాగుంటే నా సేపలెవులు కొంటారు?"

ఝాన్సీకి నర్సీపట్నంలో తమ ఇంటి గుమ్మం గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఈమె గంప దించడానికి తనే ఓ చెయ్యేసేది.

"అత్తా, నెత్తిమీద గంపుంటే కన్నెలా తుడుసుకుంటావు?"

"గంపుంటే సెయ్యెక్కడిది? కారితే కారనీ అని ఒగ్గేత్తాను."

గదిలో నెత్తికెత్తగల బరువు, కిరణాలు తగలకుండా కట్టుకునే సీసపు ఏప్రాన్ ఒక్కటే. దాన్ని మడిచి ప్లాస్టిక్ టబ్బులో పెట్టింది. పెద్ద డాక్టరు చూస్తే ఉద్యోగం ఊడుతుంది. కొండలమ్మ తువ్వాలు చుట్టి నెత్తిన కుదురు పెట్టుకుంది. టబ్బు ఎక్కగానే మెడ నిలిచిపోయింది. రెండు చేతులూ అంచు పట్టుకున్నాయి.

ఝాన్సీ ఆఖరి డోసు వేసింది.

పదో నిమిషానికి నీరు బుగ్గ దాటి గడ్డం మీదికొచ్చింది. అంచుమీద ఒక వేలు లేచింది. ఝాన్సీ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"బస్టాండు దాటేసేవత్తా. ఇంక మా వీధే."

వేలు దిగింది. మోచేతులు బరువుకి లాగేస్తున్నాయి, మెడ మాత్రం కదల్లేదు. తెరమీద ఎడమకంటి చుక్క ముక్కులోకి జారిపోయింది. కుడికంటిది మూలలోనే ముద్దకట్టి, ఇరవయ్యో నిమిషందాకా అక్కడే ఉండిపోయింది. ఇక ఆపరేషన్‌కి డాక్టరు కాదనలేడు.

ఝాన్సీ టబ్బు కింద చేతులు పెట్టి దించింది. కొండలమ్మ కొంగు దాకా చెయ్యి తీసుకెళ్లి, ఆపేసింది.

"ఇప్పుడు తుడుసుకోనా పాపా?"