తాళ్ళబాట ఖాళీ కాదు

తాళ్ళు పేనేవాళ్ళు వెనక్కి నడిచి కూడు సంపాదిస్తారు. బాటకు ఈ చివర చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి తగిలించిన కొస నుంచి, నడుముకు చుట్టుకున్న నారను వేళ్ళ మధ్య వదులుతూ, పురి సరిచూసుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ అవతలి గోడ దాకా వెనక్కి వెళ్ళాలి. ఆ పొద్దున ముసలి మామ అలాగే నడుస్తున్నాడు. చక్రం దగ్గర పెద్దకోడలు ఉంది. ఏ మాటకైనా ఒక మెలిక పెట్టి అడుగుతుందని ఆవిడను అందరూ మెలికమ్మ అనేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడో మర్చిపోయారు.

కాంట్రాక్టరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. చుట్టుపక్కల నేలంతా అతను కొనేశాడు. ప్లాట్లు కోసి అమ్ముతాడట. టేపు సాగడానికి బిగిసి ఉన్న మోకు అడ్డమొచ్చింది.

"దించండి దాన్ని" అన్నాడు మేస్త్రీ.

"ఈ వరస కానివ్వండి బాబూ. పురి మధ్యలో వదిలితే అంతా విచ్చుకుపోద్ది" అంది మెలికమ్మ.

"నీ పురికోసం మేం నిలబడాలా?"

అంటూనే అతను నడుములోంచి కత్తి తీసి మోకును తెగ్గోశాడు. అవతలి కొసను ఒళ్ళంతా బరువు పెట్టి లాగుతున్న ముసలాయన వెల్లకిలా పడ్డాడు. తల గోడ అంచుకు కొట్టుకుంది. నార కట్ట రక్తంతో తడిసింది. మెలికమ్మ చక్రం వదిలేసి పరుగెత్తింది. టేపు పట్టుకున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వలేదు గానీ, కొలత మాత్రం ఆపలేదు. బాట నడిమధ్యలో సున్నం కొట్టిన రాయి ఒకటి నిలబెట్టి, దాని మీద ప్లాటు నంబరు రాసి, తమ దారిన తాము పోయారు.

సాయంత్రానికి తాళ్ళవాళ్ళందరూ నార నిలవచేసే షెడ్డులో చేరారు. ముసలాయన తలకు కట్టు కట్టించుకుని మూలన పడుకుని ఉన్నాడు. తలా ఒక మాట అంటున్నారు. మేస్త్రీని పట్టుకుని తన్నాలని కొందరు, కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకుందామని కొందరు. అప్పుడు మెలికమ్మ మరిది కూతురు పనినుంచి వచ్చింది. ఆ పిల్ల పాలిటెక్నిక్ చదివి సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరింది. పెద్దవాళ్ళు గీసిన పటాలను పలచటి కాగితం మీద తిరిగి గీయడం ఆ పిల్ల పని.

"పెద్దమ్మా, ఇవాళ ఫైనల్ మ్యాపు నా బల్ల మీదికి వచ్చింది. అందులో మన బాట లేదు" అంది.

"లేదంటే?"

"ఖాళీ స్థలం అని రాశారు. దాని మీదుగా ప్లాట్లు గీసేశారు."

షెడ్డు ఒక్కసారిగా గొల్లుమంది. మెలికమ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"అరిచి గొంతులు పోగొట్టుకోకండి. ముందు ఆ ఫైనల్ అంటే ఏంటో చెప్పనివ్వండి. వాళ్ళు ఏం గీస్తే అది చెల్లిపోద్దా?"

"చెల్లదు. దానికి లెక్కుంది. ప్రతి ప్లాటు మూలకీ నేల మీద రాయి పాతాలి. పటంలో మూల ఎక్కడుందో రాయి అక్కడే కదలకుండా ఉండాలి. ప్లాటు కొలతలు, రోడ్ల వెడల్పు, కాలవలు, పక్కవాళ్ళ హద్దులు, అన్నీ చూపించాలి. జనం వాడుకుంటున్న దారో, బావో, పనిచేసుకునే చోటో ఉంటే అదీ గీసి తీరాలి. దాన్ని మూసేయాలంటే వాడుకునేవాళ్ళు ఒప్పుకోవాలి. చివర్లో అధికారి పటం చేత్తో పట్టుకుని నేలంతా నడిచి, ఇది నిజమేనని సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే ఇంకంతే. దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు."

"పటం గీసే ముందు నేల చూడ్డానికి వచ్చిన ఆఫీసువాడికి కళ్ళు లేవా?" అన్నాడు ఒకడు.

"ఉన్నాయి బాబాయ్. మన సెలవు రోజున వచ్చాడు" అంది పిల్ల.

సంగతి వాళ్ళకు అర్థమైంది. వెనక్కి నడిచేవాళ్ళ మడమ కింద చిన్న రాయి ఉన్నా పడిపోతారు. నారలో ఇసుక కలిస్తే మోకు పాడవుతుంది. అందుకని వారం చివర చక్రం ఊడదీసి షెడ్డులో పెట్టి, మోకును ఆనించే గుంజలు పీకేసి, బాటను అద్దంలా ఊడ్చి వెళ్ళడం తాతల నాటి నుంచి వాళ్ళకు అలవాటు. ఒక్క నారపోగు కనబడినా కోడళ్ళను దులిపేసే అత్తలున్న పేట అది. వచ్చినవాడికి ఖాళీ నేల కాకపోతే ఇంకేం కనబడుతుంది?

"అయితే మన చీపురే మన కొంప ముంచిందన్నమాట" అంది మెలికమ్మ. నవ్వాలో ఏడవాలో తెలియక కొందరు రెండూ చేశారు.

మర్నాడు కాంట్రాక్టరే స్వయంగా వచ్చాడు. పండ్ల బుట్టతో వచ్చి ముసలాయన మంచం అంచున కూర్చున్నాడు. తన గుండె తరుక్కుపోయిందన్నాడు. ఎంత తరుక్కుపోయినా చొక్కా ముడత పడలేదు లెండి. వెళ్ళేముందు అందరూ వినేలా చెప్పాడు.

"గురువారం మీ అందరికీ సెలవు. ఆ రోజు కూలి నాది. లారీ పంపిస్తాను, పిల్లాజెల్లాతో ఏటి అవతల తోటకి వెళ్ళి కడుపునిండా తిని రండి. పాపం, ఎప్పుడు చూసినా పనే కదా మీకు."

జనం మెత్తబడ్డారు. వాళ్ళను అని ఏం లాభం? కడుపునిండా తినమని వాళ్ళతో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? గుంజలు బుధవారం సాయంత్రమే పీకేద్దామని అప్పుడే మాట్లాడుకుంటున్నారు. పిల్ల ఆఫీసునుంచి పరుగున వచ్చి అసలు సంగతి చెప్పేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. గురువారమే అధికారి పటంతో నేల చూడ్డానికి వస్తున్నాడు.

షెడ్డులో మళ్ళీ గొడవ మొదలైంది.

"గురువారం పనిచేద్దాం. అందరం. బాట ఈ కొస నుంచి ఆ కొస దాకా" అంది మెలికమ్మ.

మరిది లేచి నిలబడ్డాడు. "వదినా, నీకేం, చెప్తావు. కాంట్రాక్టరు నాకు సూపర్‌వైజరు పనిస్తానన్నాడు. పిల్ల ఉద్యోగం ఆ ఆఫీసులో ఉంటదా ఊడతదా అనేది కూడా ఆయన చేతిలోనే ఉంది. ఈ తాళ్ళు ఇంకెన్నాళ్ళు? ప్లాస్టిక్ తాడు వచ్చేసింది. ఇచ్చింది తీసుకుని పక్కకి జరిగితే పోలా?"

"పక్కకంటే ఎక్కడికి?" అంది మెలికమ్మ. "చోటు చూపించు, ఇప్పుడే చక్రం నెత్తిన పెట్టుకుని వస్తా. ఇంత పొడుగు, ఇంత చదును, గోడ నీడ. ఎక్కడుంది? బాట పోతే నువ్వు సూపర్‌వైజరువి అవుతావు, వీళ్ళందరూ ఏమవుతారు?"

"నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా నాన్నా, నా పేరు చెప్పి తాతని అమ్మకు" అంది పిల్ల.

మరిది విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు చాలాసేపు కీచులాడుకున్నారు, అలిగారు, లేచిపోయి మళ్ళీ వచ్చారు. చివరికి పని ఆపకూడదనే మాట మీద నిలబడ్డారు. పిల్లతో చదువుకున్నవాళ్ళు రంగు డబ్బాలు తెచ్చి, ఆఫీసు గోడకు అంటించి ఉన్న నిబంధనను షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'జనం వాడుకలో ఉన్న ప్రతి దారినీ పటంలో చూపించాలి.' అటుగా వెళ్ళే లాండ్రీ ఆడవాళ్ళు, ఇటుకబట్టీ కూలీలు ఆగి, కూడబలుక్కుని చదివారు.

గురువారం లారీ వచ్చింది. హారన్ కొట్టీ కొట్టీ ఖాళీగా వెళ్ళిపోయింది. బాట మీద మోకు బిగిసింది. అలాంటి మోకు ఆ పేటలో అంతకుముందు ఎవరూ పేనలేదు. ఒకరి వెనక ఒకరు నార అందిస్తుంటే, కాంట్రాక్టరు మనుషులు నిలబెట్టిన రాయి మీదుగా, అతని ప్లాటు గీతలన్నిటి మీదుగా అది సాగింది. వెనక్కి నడుస్తున్నది మెలికమ్మ. మరిది మాత్రం షెడ్డు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లారీ ఎక్కలేదు, మోకు ముట్టుకోలేదు.

అధికారి పటం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. పక్కన కాంట్రాక్టరు, వెనక పోలీసులు.

"ఇక్కడ ఖాళీ అని ఉందే!" అన్నాడు అధికారి.

"నాటకం సార్. ఇవాళ మీరొస్తున్నారని కట్టారు. కావాలంటే వాళ్ళ మనిషినే అడగండి" అన్నాడు కాంట్రాక్టరు. మరిదిని చెయ్యూపి పిలిచాడు. "చెప్పవయ్యా. రోజూ ఉంటదా ఈ భాగోతం?"

మరిది ముందుకు వచ్చాడు. తండ్రి మంచం షెడ్డు గుమ్మంలో ఉంది. ముసలాయన అటే చూస్తున్నాడు. మరిది నేరుగా వెళ్ళి నంబరు రాసిన రాయిని కాలితో నెట్టాడు. అది పక్కకు ఒరిగి దొర్లింది. దాని కింద గొయ్యి లేదు. గడ్డపార గాట్లు మాత్రం ఉన్నాయి.

"చూడండి సార్. మీ మూలరాయి. వీళ్ళు తవ్వలేక పైన పెట్టి మట్టి కప్పారు. గడ్డపార దిగలేదు. ఎందుకు దిగుద్ది? మా తాత, మా అయ్య, మా వదిన మడమలతో కొట్టి కొట్టి గట్టిచేసిన నేల ఇది. ఒక్కరోజు నాటకంతో నేల ఇట్టా అవుద్దా? ఖాళీ అని సంతకం పెడతారా? పెట్టండి, చూస్తాం."

అధికారి ఒరిగిన రాయి వైపు చూశాడు, పటం వైపు చూశాడు. కలం జేబులోనే ఉండిపోయింది. కాంట్రాక్టరు ముఖం కందగడ్డలా అయింది. పోలీసుల వైపు తిరిగి, ప్రభుత్వ పనికి అడ్డొస్తున్నారు, ఆ ఆడమనిషే దీనికంతటికీ మూలం అని అరిచాడు. ఇద్దరు పోలీసులు మెలికమ్మ జబ్బలు పట్టుకున్నారు.

"వదిలెయ్ ఆ తాడు."

"వదిలితే విచ్చుకుపోద్దయ్యా. పట్టుకునేవాళ్ళు రావాలి."

వాళ్ళు ఆమెను లాగారు. మోకు ఆమె అరచేతుల్ని కోసింది. అయినా కొస వదలలేదు. అప్పుడు మరిది పరుగున వచ్చి, ఆమె వేళ్ళ పక్కనే తన వేళ్ళు బిగించి, నార కట్టను తన నడుముకు చుట్టుకున్నాడు.

"నేను పట్టుకున్నా. నువ్వు వెళ్ళు వదినా" అన్నాడు. అతని కళ్ళు తడిశాయి. దాచుకోలేదు.

మెలికమ్మను జీపులో కూర్చోబెట్టారు గానీ జీపు కదల్లేదు. దాని ముందు లాండ్రీ ఆడవాళ్ళు తడి మూటలతో వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇటుకబట్టీవాళ్ళు. లాండ్రీవాళ్ళలో ఒకావిడ మూట దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, అధికారి దగ్గరికి వెళ్ళింది.

"పటం విప్పు బాబూ. ఏటికి వెళ్ళే మా దారి ఎక్కడ గీశారో చూపించు."

అతను పటం విప్పి వేలితో వెతికాడు. "అది... అది ఇందులో..."

"లేదా? సరే, రా. నడిచి చూద్దువు గానీ."

"తర్వాత మా బావి" అన్నాడు బట్టీ కూలి.

గుంపులోంచి తప్పించుకోవడానికి అతనికి సందు లేదు. కాంట్రాక్టరును ఎవరూ పట్టించుకోవడం లేదు. అధికారిని నడిమధ్య పెట్టుకుని జనం ఏటి వైపు కదిలారు. జీపు వెనక బల్ల మీద నుంచి మెలికమ్మ తల బయటికి పెట్టి గొంతెత్తి అరిచింది.

"నడిపించండి! ఒక్క దారి కూడా వదలకుండా నడిపించండి అతన్ని!"