అత్తయ్యగారు విన్న రిసీవర్

మేడమీద ఖాళీగా పడివున్న గదిని సినిమా గదిగా మార్చాలని అతనికి ఎప్పట్నుంచో కోరిక. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. పొద్దంతా ఇనుప తాళ్ళ మధ్య గ్రీజు వాసనలో వేలాడే మనిషి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని ఓ మంచి సినిమా చూసుకోవాలనుకోవడంలో తప్పేముంది? గోడలకు మందపాటి గుడ్డ తనే అతికించాడు. కిటికీకి నల్ల తెర కుట్టించాడు. స్పీకర్లు ఒక్కొక్కటిగా కొనుక్కొచ్చి పెట్టాడు. ఇక మిగిలింది రిసీవరు. సినిమాలోని శబ్దాన్ని విడదీసి, మాటల్ని ఎదుటి స్పీకరుకీ, వాన చప్పుడుని పైనున్నవాటికీ, వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడుని వెనకవాటికీ పంచిపెట్టే పెట్టె అది. అది లేనిదే మిగతావన్నీ ఉత్త డబ్బాలు.

దానికోసం నెలల తరబడి చదివాడు. అన్నం తింటూ కూడా అదే గోల. అతని భార్య ఫిజియోథెరపిస్టు. వినీ వినీ ఒకరోజు, "నన్ను చేసుకునేముందు ఇందులో పావువంతైనా ఆలోచించారా?" అని అడిగింది.

"నిన్ను చూశాక ఆలోచించడానికి ఏం మిగిలింది?" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

చివరికి తొమ్మిది స్పీకర్లను ఒంటిచేత్తో నడిపించే ఒక పెద్ద రిసీవరు మీద మనసు పారేసుకున్నాడు. కొట్టుకెళ్ళి ఒకసారి చెవులారా విని, పట్టుకొచ్చేయడమే తరువాయి.

ఆ ఇంట్లో మూడో మనిషి అతని అత్తగారు. మామగారు పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఉద్యోగ కాలమంతా టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. ఎవరెవరి గొంతులనో కలిపి, ఎవరెవరి కబుర్లనో అటూ ఇటూ దాటించిన మనిషి. ఇప్పుడు ఆవిడకు చెవులు సరిగ్గా వినబడడం లేదు. ఆ సంగతి ఆవిడ ముందు ఎత్తితే ఇల్లు పీకి పందిరి వేసేది. "నావి పాము చెవులే. మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అనేది. టీవీ పెడితే వీధి చివరిదాకా వినబడేది. పక్కింటివాళ్ళు మొదట సౌమ్యంగా చెప్పి చూశారు, తర్వాత కిటికీలు ధడాలున వేసుకోవడం మొదలుపెట్టారు. కూతురు వచ్చి తగ్గిస్తే ఆవిడేమీ అనేది కాదు. బొమ్మల వంక చూస్తూ కూర్చునేది. హాస్యం సీను వస్తే పక్కవాళ్ళ మొహాలు చూసి, వాళ్ళు నవ్వాక తనూ నవ్వేది. అది అల్లుడు గమనించాడు. 

కొట్టుకి బయలుదేరే రోజున భార్యకు ఆసుపత్రిలో పని పడింది. అతను చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"ఒక్కదాన్నీ ఇంట్లో ఏం చేస్తాను? నేనూ వస్తాను బాబూ."

"మీకు విసుగొస్తుందేమో అత్తయ్యగారూ."

"ఇంట్లో గోడలు చూడ్డం కంటేనా?"

కొట్టులో వెనకవైపు ఒక చీకటి గది ఉంది. అక్కడే వినిపిస్తారు. కొట్టతను బక్కపలచటి మనిషి, ఓపిక మాత్రం బారెడు. ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి పెద్ద రిసీవరు పెట్టాడు. రైలు తల వెనకనుంచి దూసుకొచ్చి గుండెల మీదుగా వెళ్ళిపోయింది. ఉరుములు ఉరిమాయి. అతనికి ఒళ్ళు పులకరించింది. పక్కకి తిరిగి చూస్తే అత్తగారు, ఫొటో తీయించుకునేవాళ్ళలా, కదలని చిరునవ్వుతో కూర్చుని ఉంది.

"మాటలు ఎలా ఉంటాయో చూపించండి" అన్నాడు అతను.

కొట్టతను ఒక కుటుంబ కథలోని సీను పెట్టాడు. వంటింట్లో భార్యా భర్తా ఉన్నారు. భర్త చేతులు ఊపుతూ ఏదో అంటున్నాడు. ఆమె వెనక్కి తిరక్కుండా గిన్నెలు తోముతోంది. అదే సీనుని పక్కనున్న చిన్న రిసీవర్లో కూడా వినిపిస్తూ కొట్టతను, "ఇందులో ఒక చిన్న సౌకర్యం ఉంది సార్. స్పీకర్లు మోగుతుండగానే ఒకరు హెడ్‌ఫోన్ కూడా పెట్టుకోవచ్చు. వాళ్ళ శబ్దం వాళ్ళిష్టం, గదిలోవాళ్ళది గదిలోవాళ్ళ ఇష్టం" అని, మచ్చుకి ఒక హెడ్‌ఫోన్ తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ జుట్టు సర్దుకుని దాన్ని పెట్టుకుంది. ఆ పెట్టుకోవడంలో ఎక్స్చేంజి నాటి పాత అలవాటు కనిపించింది. కొట్టతను శబ్దం కొద్దికొద్దిగా పెంచాడు. ఆవిడ వీపు నిటారుగా అయింది. మొహంమీది చిరునవ్వు పోయింది. సీను అయిపోయినా అలాగే కూర్చుంది.

"మళ్ళీ పెట్టండి" అంది.

మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆవిడ అల్లుడి వైపు తిరిగింది.

"క్షమించమని అడుగుతున్నాడా బాబూ అతను? నేను ఇంతసేపూ పోట్లాడుతున్నాడనుకున్నాను."

అతను తలూపాడు. ఆవిడ మళ్ళీ తెరవైపు తిరిగింది. ఇన్ని నెలలుగా వాళ్ళ హాల్లో ఆవిడ చూసిన సినిమాల్లో ఎన్ని బతిమాలడాలు పోట్లాటలైపోయాయో అనుకున్నాడు. కొట్టతన్ని గది బయటికి తీసుకెళ్ళి, "ఆ పెద్దదాంట్లో ఈ సౌకర్యం లేదా?" అని అడిగాడు.

"లేదు సార్. అందులో హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్లు ఆగిపోతాయి. కానీ మీరు దీనికోసమే కదా ఇన్నిసార్లు ఫోన్ చేశారు?"

అక్కడి అద్దాల బీరువాలో అలాంటిదే ఇంకో పెద్ద రిసీవరు నల్లగా నిగనిగలాడుతోంది. అతను దాన్ని కాసేపు చూశాడు.

"చిన్నదే కట్టండి" అన్నాడు.

"మీ దగ్గరున్న స్పీకర్లలో రెండు పనిచేయవు మరి."

"వాటికి సెలవిచ్చేద్దాం."

కారెక్కాక అత్తగారు ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని అడిగింది. "పెద్దది తీసుకుంటానని కదా వచ్చారు?"

"అలమరలో పట్టదండీ. కొలత తప్పింది" అన్నాడు.

 కొంతదూరం పోయాక, "కారు ఓ పక్కకి ఆపండి" అంది. ఒక మందుల షాపు ముందు ఆపి, ఇంజను కట్టేసి, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నాలుగు చోట్ల కొలిచి గానీ మేకు కొట్టని మనిషి మీరు. మీకు కొలత తప్పడమేమిటి?" అంది. "నాకు వినబడదని మీకు తెలుసా?"

 అతను ఆవిడకి పెదాలు కనబడేలా మెల్లగా చెప్పాడు. "తెలుసండీ."

"అమ్మాయికి?"

"తనకీ తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదేం?"

"మీరే చెప్తారని చూశాం."

ఆవిడ పెట్టె మీది అంటుకాగితాన్ని గోటితో గీరుతూ కూర్చుంది. "నేను బతికిందే చెవుల మీద బాబూ. అవి పోయాయంటే ఇంక నన్నేమనుకుంటారోనని..." అని ఆగిపోయింది. అతను వెంటనే ఓదార్చబోలేదు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకునేదాకా ఆగి, "చెవి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. ఆ సంగతి ఇంట్లో చెప్పాలో వద్దో మీ ఇష్టం" అన్నాడు.

"చెప్పకపోతే మీ ఆవిడ మనిద్దర్నీ బతకనిస్తుందా?" అంది అత్తగారు. అతను నవ్వి కారు తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నల్ల తెర దించి ముగ్గురూ గదిలో చేరారు. మిగిలిపోయిన రెండు స్పీకర్లూ మూలన చిన్న బల్లలయ్యాయి. వాటిమీద మంచినీళ్ళ గ్లాసులు పెట్టారు. ఏ సినిమా అంటే, కొట్టులో చూసిందే కావాలంది అత్తగారు. అందులో భార్య భర్తని క్షమించిందో లేదో తెలియకుండా ఎలా, అని ఆవిడ బెంగ. హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం తనకి కావలసినంత పెంచుకుని, దిండుకు చేరగిలబడింది. గదిలో మాత్రం మామూలు మాటల ధ్వనే.

సినిమా సగానికి వచ్చింది. తెరమీద ఆ భార్య ఒక్కమాటా అనకుండా భర్త ముందు అన్నం పళ్ళెం పెట్టింది. గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు అత్తగారు కూతురి చెవి దగ్గరికి వంగి రహస్యం చెప్పింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషికి తన గొంతు తనకి తెలియదు కదా. ఆ రహస్యం నాలుగు గోడలకీ తగిలింది.

"ఏమే, మీ ఆయన ఏడుస్తున్నాడు. పాపం, చూడనట్టు ఊరుకో."

అతను తెరవైపే చూస్తూ బిగుసుకుపోయాడు. భార్య నవ్వు ఆగక పమిట నోట్లో కుక్కుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అల్లుడి గుట్టు కాపాడానన్న తృప్తితో అత్తగారు మళ్ళీ దిండుకు చేరగిలబడింది. ఇక దాచి లాభం లేదని అతను జేబులోంచి రుమాలు తీసి, దర్జాగా కళ్ళు తుడుచుకున్నాడు.