చెయ్యి ఎత్తని యాజకుడు

మల్కీయా ఒక్కో కట్టెనూ వెలుగువైపు తిప్పి చూస్తున్నాడు. బెరడు కింద గోటితో గీకి, పొడి రాలితే ఎడమవైపు కుప్పలో పడేస్తున్నాడు. పురుగు తొలిచిన కట్టె బలిపీఠానికి పనికిరాదు. చిన్నప్పుడు రాయి పడి కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి కనుక, అంగలోపమున్న యాజకుడిగా అతనూ పనికిరాడు. యాజకులదైన అహరోను వంశంలో పుట్టి కూడా, యెరూషలేము దేవాలయంలో ముప్ఫై ఏళ్ళుగా ఈ కట్టెల గదిలోనే ఉన్నాడు. తోటి యాజకులు మెట్లమీద చేతులెత్తి జనాన్ని దీవిస్తుంటే గుమ్మంలోంచి చూసేవాడు. ఒక్కసారైనా తను చేతులెత్తి ఆ దీవెన పలకాలని కోరిక. అంతకుమించి ఏమీ అడగలేదు పాపం.

కూతురు షెలోమీతు, శిలువ వేసిన ఆ నజరేయుణ్ణి నమ్మేవాళ్ళలో కలిసింది. ఇవాళ పొద్దున గుడికి బయల్దేరుతున్న తండ్రిని ఆపింది.

“నాన్నా, సాయంత్రం మావాళ్ళ భోజనానికి రా. చివర్లో యాజకుల దీవెన చెప్పాలి. మాలో అహరోను వంశంవాడు ఒక్కడూ లేడు.”

“ఈ చేత్తోనా?”

“నీ చెయ్యి ఎవరు చూస్తారు? అందరం తలలు వంచుకునే ఉంటాంగా.”

మధ్యాహ్నందాకా అదే ఆలోచన. చివరికి పక్కన కట్టెలేరుతున్న, తనలాగే లోపమున్న యాజకుడైన ఒంటికన్ను ఇమ్మేరును అడిగాడు.

“ఒరే, గుళ్ళో కూడదు సరే. ఇంట్లో ఎత్తితే తప్పా?”

ఇమ్మేరుకు ప్రతిదీ వేళాకోళమే. “గుళ్ళో పుచ్చుకట్టె ఇంటికెళ్తే దేవదారు అయిపోతుందేమిట్రా?” అని పకపకా నవ్వాడు.

మల్కీయా కూడా నవ్వాడు. నవ్వి, చెయ్యి అంగీ మడతలో దూర్చుకున్నాడు. ఆ తర్వాత రెండు మంచి కట్టెలు కూడా ఎడమకు విసిరాడు. ఇమ్మేరు చూశాడు. “ఊరికే అన్నాన్రా, వెళ్ళు” అంటే సరిపోయేది. అనలేదు.

సాయంత్రపు బలి కాగానే మల్కీయా ఆ ఇంటి సందు మొదటిదాకా వెళ్ళాడు. లోపల పాడుతున్నారు. గుళ్ళో లేవీయులు పాడే కీర్తనే. కాసేపు విని ఇంటికి తిరిగొచ్చాడు. గుండెలో నొప్పిగా ఉందని పక్కింటావిడతో చెప్పి చాపమీద పడుకున్నాడు. చీకటి పడేలోగా షెలోమీతు వచ్చింది. అప్పటికే ప్రాణం పోయింది.

కబురు విని ఇమ్మేరు పరుగెత్తుకొచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయాడు. యాజకుడు శవమున్న ఇంట్లో అడుగు పెట్టకూడదు.

“అమ్మా, మీ దగ్గరికి వచ్చాడా వాడు?”

“రాలేదు చిన్నాన్నా. ఆయన కోసం చూసి చూసి, దీవెన లేకుండానే లేచాం.”

“నవ్వులాటకి అన్నానమ్మా నేను.”

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఇమ్మేరు గడప బయటే కూలబడి ఏడ్చాడు. లోపల, మల్కీయా పక్కన, తండ్రి వంతని షెలోమీతు గుడ్డలో చుట్టి తెచ్చిన రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.