నమస్కారంలో కారం

నేను ఒక రూలును. మీ చిన్నప్పుడు మేష్టారి చేతిలో ఆడిన రూళ్లకర్రకూ నాకూ చుట్టరికం లేదు. అది వేళ్ల మీద పడేది, నేను ఉత్తరాల మీద పడతాను. కంప్యూటరుకు వచ్చే ఈమెయిళ్లను గుమ్మంలోనే నిలబెట్టి, ఎవరు నట్టింట్లోకి రావాలో, ఎవరు కొట్టుగదిలోకి పోవాలో తేల్చడం నా ఉద్యోగం. కండ లేదు, ఎముక లేదు. ఒక్క వాక్యమే నా ఒళ్లంతా.

తెనాలి అవతల ఒక ఊళ్లో, దమయంతమ్మగారి పచ్చళ్ల షెడ్డులో, ఆవపిండి ఘాటుకు కళ్లు నులుముకుంటూ పుట్టాను. ఆవిడ ఆవకాయ వాసనకు ఓసారి గూడ్సుబండి సిగ్నలు లేకుండానే ఆగిపోయిందట. నేను చూడలేదు గానీ, ఆ బండి గార్డు ఈమెయిలు పెట్టాడు. ఇంకోసారి ఒక ఉత్తరం ఎంత మంట మీద వచ్చిందంటే, దాన్ని పట్టుకోగానే కంప్యూటరు ఫ్యాను తుమ్మింది. నమ్మకపోతే ఫ్యానునే అడగండి.

నా పుట్టుకకు కారణం దమయంతమ్మగారి రోషం. ఆ ఏడు మిరపకాయ మహా ఘాటుగా దిగింది. కారం ఎక్కువైందని ఊరూరి నుంచీ ఈమెయిళ్లు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లుగా పచ్చడి పెడుతున్న మనిషి, పది ఉత్తరాలు ఓర్చుకుంది, పదకొండోదానికి మరిది భుజంగాన్ని పిలిచింది. భుజంగమే ఆ ఇంటికి కంప్యూటరు తెచ్చిన మొనగాడు. ఎక్కడ నొక్కాలో అతనికి బాగా తెలుసు, ఎందుకు నొక్కాలో మాత్రం కంప్యూటరుకు వదిలేస్తాడు.

"కారం అన్న మాట ఉన్న ఉత్తరం ఒక్కటి గూడా నా కంట పడగూడదు భుజంగం" అంది ఆవిడ.

భుజంగం రెండు నిమిషాల్లో నన్ను కన్నాడు. 'కారం' అనే మాట కనబడితే ఆ ఉత్తరాన్ని 'కారం' అనే అరలో పడెయ్యి, చదివేసినట్టు గుర్తు పెట్టు. ఇదే నా జాతకం. చదివేసినట్టు గుర్తు పడ్డాక ఆ అర పక్కన అంకె కనబడదు, దాని పేరు నల్లగా తేలదు, లోపల ఎన్ని మూలుగుతున్నాయో ఎవరికీ తెలియదు. వారం తిరక్కుండానే నన్ను కన్న తండ్రి నన్ను మరిచిపోయాడు. మనుషుల్లో ఈ సులువు ఉంది. చెయ్యమని చెప్పేస్తారు, చెప్పినమాట మరిచిపోతారు, చేసినవాణ్ణి తర్వాత తిడతారు.

నేను మాత్రం మరవలేదు. ఇక్కడ నా చూపు గురించి ఓ మాట చెప్పాలి. 'నమస్కారం' అని మీరు రాస్తే మీ కంటికి 'స' కింద ఒత్తు వేలాడుతూ కనబడుతుంది. నాకు ఒత్తుల్లేవు, వేలాడటాల్లేవు. అక్షరాలన్నీ బడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరు వరసలో వస్తాయి. న వచ్చింది, మ వచ్చింది, స వచ్చింది, ఆ వెనకే కా, రం. అదిగో కారం! మెడ పట్టుకుని అరలోకి తోశాను. అలా నమస్కారం పెట్టిన ప్రతివాణ్ణీ తోశాను. 'మీ సహకారం కావాలి' అన్నవాణ్ణీ తోశాను. 'మీ పచ్చడి మీద మమకారం' అన్న ఆయన్నయితే రెండు చేతులా తోశాను.

ఇక నట్టింట్లోకి చేరిందెవరయ్యా అంటే, పలకరింపు లేకుండా మొదలుపెట్టేవాళ్లు. 'సీసా మూత రావట్లేదు, మీరొచ్చి తీస్తారా' అన్నవాడు, 'లాటరీ తగిలింది' అన్నవాడు, 'ఎన్నాళ్లకి పంపుతారు, పోయాకా?' అన్నవాడు. అయిదు నెలలు అవే చదివి చదివి దమయంతమ్మగారికి లోకం మీదే విరక్తి పుట్టింది. మనుషుల్లో మర్యాద అడుగంటిందని, ఇలాంటివాళ్లకు పచ్చడి పెట్టేకంటే ఉప్పు రాయి చేతిలో పెట్టడం మేలని అనేది.

అంతలో మామిడికాయ రోజులొచ్చాయి. ఎక్కడో పదకొండు హాస్టళ్లు నడిపే ట్రస్టువాళ్లు వచ్చి, ఆవకాయ రుచి చూసి, ఏడాది పొడుగునా తీసుకునేదీ లేనిదీ ఉత్తరం రాస్తామని వెళ్లారు. వాళ్లు సరేనంటే తోట మొత్తం కాయ కోయించాలి. లేదంటే ఈ ఏడు షెడ్డు తెరవడమే దండగ. తోటాయన శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. కాయ అంతకంటే ఆగదు.

బుధవారం పొద్దున, ముక్కలు కొట్టే ఎనిమిదిమంది ఆడవాళ్లకు పెద్దదైన మాణిక్యం వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"కత్తిపీటలు సాన పెట్టించమంటారా అమ్మా, లేకపోతే వేరే కూలి పనికి ఒప్పుకోమంటారా?"

ట్రస్టుకు ఫోను చెయ్యమని భుజంగం అన్నాడు. వాళ్లే రాస్తామన్నాక ఎగబడి ఫోను చేస్తే పచ్చడి అమ్ముడుపోక ఏడుస్తున్నట్టుంటుందని ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. 'నమస్కారం' అని మొదలెట్టింది పాపం. నా అరలో పడుకుని ఉంది.

ఉత్తరాలేవో తప్పిపోతున్నాయన్న అనుమానం భుజంగానికి అప్పుడు తగిలింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేశాడు. తీగ పీకి, ఊది, మళ్లీ గుచ్చాడు. చెత్త ఉత్తరాల అర తిరగేశాడు. మౌసును తిరగేసి దాని పొట్ట గీకాడు. చివరికి తన ఫోను నుంచి 'ఒసే పెట్టే, పలుకుతున్నావా' అని పంపాడు. అందులో నాకు పనేముంది? తిన్నగా నట్టింట్లోకి వెళ్లింది. పెట్టె బాగానే ఉంది, రాసేవాళ్లే రాయట్లేదని తీర్పు చెప్పేశాడు.

ఎదురింటి దేవసహాయంగారు మాగాయ కోసం వచ్చి ఇదంతా చూశాడు. పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. నలభై ఏళ్లు ఉత్తరాలు అరల్లో వేసినవాడు. తనూ ఒకటి పంపుతానన్నాడు. పరీక్షకైనా సరే, పలకరించకుండా ఉత్తరం రాయడం ఆయనకు చేతకాదు. 'నమస్కారం. ఇది పరీక్ష కొరకు. ఇట్లు, దేవసహాయం' అని రాశాడు.

అది రాలేదు.

మీ ఫోను ముసలిదండీ అన్నాడు భుజంగం. ఆయన భుజంగం ఫోను తీసుకుని, అవే ముక్కలు దాంట్లోంచి పంపాడు. రాలేదు. కింద సంతకం తీసేసి పంపాడు. రాలేదు. పైన నమస్కారం తీసేసి పంపాడు. టింగుమని వచ్చింది.

"ఈ పెట్టెకి సార్టింగు ఎవరు చేస్తున్నారయ్యా?" అన్నాడు దేవసహాయంగారు.

అప్పుడు గుర్తొచ్చాను తండ్రికి. ఎక్కడెక్కడో నొక్కి నన్ను బయటికి లాగి, నా ఒళ్లు పైకి చదివాడు. "ఇది కారం ఉన్నవాటికే కదండీ. నమస్కారంలో కారం ఎక్కడుంది? సాకి క ఒత్తు ఉందంతే."

"చూడబాక. పలుకు."

భుజంగం పలికాడు. మళ్లీ పలికాడు. మూడోసారి సగంలో ఆగి వదిన వైపు చూశాడు. తమ పోస్టాఫీసులో కొత్తగా చేరినవాడొకడు పేరు చివర పాలెం ఉన్న ఊళ్లన్నిటినీ ఒకే సంచిలో కట్టి పంపాడని, వాణ్ణి ఏమీ అనలేకపోయామని, ఎందుకంటే పాలెం చూసి కట్టమని చెప్పింది తామేనని దేవసహాయంగారు చెప్పుకొచ్చాడు. ఆ ముక్కతో నాకు ఆయనంటే గౌరవం కలిగింది.

అర తెరిచారు. దాదాపు నాలుగొందలు. పైన ఇందాకటి పరీక్షలు, వాటికి కాస్త కింద ట్రస్టు ఉత్తరం, పదకొండు హాస్టళ్లకూ మీ ఆవకాయేనని. భుజంగం తోటకు పరిగెత్తాడు. దమయంతమ్మగారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని మిగతావి ఒక్కొక్కటే చదవసాగింది. ఒకాయన 'నమస్కారం. గోంగూరలో కారం ఎక్కువైంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తూ తిన్నాం. ఇంకో రెండు సీసాలు పంపగలరు' అని రాశాడు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏమైందమ్మా అని దేవసహాయంగారు అడిగితే, ఆవపిండి అంది. అది ఏ ఆవపిండో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను బాగు చెయ్యాలని ఆయన సంబరపడ్డాడు. ఫలానా మాటలుంటే వదిలెయ్యి అని జాబితా చెప్పసాగాడు: నమస్కారం, సహకారం, అధికారం, ఉపకారం, సంస్కారం, వెటకారం. దమయంతమ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది. "చాల్లెండి పోస్టుమాస్టరుగారూ. నా ఉత్తరాలు నేను చదువుకుంటా. తిట్టినా నన్నేగా తిట్టేది."

నా పక్క గడిలో టిక్కు తీసేశారు. చంపలేదు, పింఛను లేని విశ్రాంతి ఇచ్చారు. ఇప్పుడు ఉత్తరాలు నా ముందునుంచే దర్జాగా నడిచిపోతుంటాయి. మొదట్లో చెయ్యి దురదపెట్టేది. ఇప్పుడు ఊరికే కూచుని ఎవరేం రాశారో వింటాను. తోసేసే రోజుల్లో ఒక్కదాన్నీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. చదివితే ఎంత కాలక్షేపమో.

మొన్న హాస్టళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. జాడీలు అందాయని, అంతా క్షేమమని, కాకపోతే పిల్లలకు కారం చాలడం లేదని. దమయంతమ్మగారు అది చదివి, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివి, షెడ్డు వైపు తిరిగి కేకేసింది.

"మాణిక్యం, గుంటూరు మిరపకాయ బస్తా విప్పండి. పిల్లలు మనతో పందెం కడుతున్నారు."